మూడు కారణాలూ నిజమయ్యాయి, డబ్బు మాత్రం పోయింది

మొన్న రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ మెసేజ్‌తో సరిపెట్టేవాడు ఫోన్ చేశాడంటే ఏదో విషయం ఉందనుకున్నాను. "అన్నా, క్లీన్ ఎనర్జీ ఈటీఎఫ్‌లు మళ్లీ లేస్తున్నాయి చూశావా? ఈసారి వదలకూడదు" అన్నాడు. ఈటీఎఫ్ అంటే చాలా కంపెనీల షేర్లని ఒకే మూటగా కట్టి, ఎక్స్చేంజిలో షేరులా అమ్మే ఫండ్. ఆ "ఈసారి" అన్న మాటకి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే పోయినసారి ఆ బండి ఎక్కింది నేనే, అదీ సరిగ్గా కొండ అంచున ఆగినప్పుడు.

ఏదైనా కొనే ముందు ఎందుకు కొంటున్నానో నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. పెద్ద విశ్లేషణ ఏం కాదు, రెండు మూడు లైన్లు. వాడితో మాట్లాడాక పాత నోట్‌బుక్ తీసి చూశాను. 2021 జనవరి ఆఖరి వారం, నీలం ఇంకు. ఒకటి, ప్రపంచం సోలార్ వైపు మళ్లక తప్పదు. రెండు, ప్యానెళ్ల ధరలు ఏటా పడిపోతున్నాయి. మూడు, ప్రభుత్వాలు వెనకుండి నెడుతున్నాయి. కింద గీత గీసి "కనీసం పదేళ్లు" అని రాసి, దానికి రెండుసార్లు అండర్‌లైన్ కూడా చేశాను. అంత నమ్మకం.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రపంచం మొత్తం మీద సౌర విద్యుత్తు సామర్థ్యం మొదటి టెరావాట్‌కి, అంటే వెయ్యి గిగావాట్లకి, చేరడానికి, 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సోలార్ సెల్ చూపించిన దగ్గర్నుంచి 2022 దాకా, దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. రెండో టెరావాట్‌కి రెండేళ్లు పట్టింది. 2023 ఒక్క ఏడాదిలో ప్యానెళ్ల ధర దాదాపు సగానికి పడింది. 2022 ఆగస్టులో అమెరికా స్వచ్ఛ ఇంధనానికి పన్ను రాయితీలిచ్చే ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ తెచ్చింది, అదే ఏడాది యూరప్ రష్యా గ్యాస్‌ని వదిలించుకోవడానికి తన పథకం తాను తెచ్చింది, చైనా 2023లో 200 గిగావాట్లకు పైగా సోలార్ బిగించింది. అంటే నేను రాసుకున్న మూడూ నేను ఊహించినదానికంటే ఎక్కువగానే జరిగాయి. ఇంత కచ్చితంగా నేను జీవితంలో ఇంకే జోస్యమూ చెప్పలేదు.

నేను కొన్న ఫండ్, ఐషేర్స్ గ్లోబల్ క్లీన్ ఎనర్జీ, అందరూ ఐసీఎల్‌ఎన్ అనేది, 2021లో నష్టం, 2022లో నష్టం, 2023లో నష్టం, 2024లో నష్టం. నాలుగేళ్లు వరసగా. వంద పెట్టిన చోట ముప్పై అయిదు చిల్లర మిగిలింది. ముప్పై అయిదు మళ్లీ వంద కావాలంటే దాదాపు మూడు రెట్లు కావాలని కూడా అప్పుడే తెలిసొచ్చింది. ఈ లెక్క చిన్నప్పుడు బళ్లో చేసిందే, కానీ సొంత డబ్బు మీద చేస్తే వేరుగా ఉంటుంది.

ఇదేదో నా దురదృష్టం అనుకుని చాలాకాలం ఊరుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నా కారణాల్లో రెండోది, "ధరలు ఏటా పడిపోతున్నాయి" అన్నది, కొనడానికి కారణమే కాదు. అది కొనకపోవడానికి కారణం. దాన్ని నేను తలకిందులుగా పట్టుకున్నాను.

ప్యానెల్ చవకైతే ఎవరికి లాభం?

ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఏ వస్తువైనా పదేళ్లలో తొంభై శాతం ధర తగ్గిందంటే కొనేవాడికి పండగ. అమ్మేవాడికి? సోలార్ ప్యానెల్ మీద పేరు చూసి కొనేవాళ్లు తక్కువ. ఒక కంపెనీ ప్యానెల్‌కీ ఇంకో కంపెనీ ప్యానెల్‌కీ తేడా కొనేవాడికి కనపడదు, వాట్‌కి ఎంత అన్నదే ప్రశ్న. అలాంటి సరుకులో అందరూ పోటీపడి ఫ్యాక్టరీలు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. ప్యానెళ్ల తయారీలో ప్రతి దశలోనూ ఎనభై శాతం పైన చైనాలోనే ఉంది. అక్కడ అవసరానికి మించి ఫ్యాక్టరీలు లేచాయి. ఫలితంగా, ప్రపంచంలో ఎప్పుడూ లేనన్ని ప్యానెళ్లు అమ్ముడైన 2024లో చైనా ప్యానెళ్ల కంపెనీ లోంగీ లాంటి దిగ్గజం నష్టాలు ప్రకటించింది. సరుకు రికార్డు, నష్టమూ రికార్డే.

ఇది కొత్త కథ కూడా కాదు. 2012లో ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్, జర్మనీ కంపెనీ క్యూ-సెల్స్ చేతులెత్తేసింది. 2013లో చైనా కంపెనీ సన్‌టెక్ ప్రధాన విభాగం దివాలా. 2016లో అమెరికాలో సన్‌ఎడిసన్. 2024 ఆగస్టులో సన్‌పవర్. ఇవేవో అనామకపు కంపెనీలు కావు, ఒక్కొక్కటీ తన కాలంలో "ఇదే భవిష్యత్తు" అనిపించుకున్నదే. ఇల్లలకగానే పండగ కాదంటారు కదా, ఇక్కడ ఇల్లలికినవాడు వేరు, పండగ చేసుకున్నవాడు వేరు. 1840ల్లో ఇంగ్లండ్‌లో రైల్వే షేర్ల మీద జనం వేలంవెర్రిగా ఎగబడ్డారు. రైళ్లు నిజంగానే దేశాన్ని మార్చేశాయి, పట్టాలు ఉండిపోయాయి, షేర్లు కొన్నవాళ్లలో చాలామంది మాత్రం మునిగిపోయారు. రైళ్లు వస్తాయని వాళ్లు అనుకున్నది తప్పు కాదు. వచ్చాక ఆ లాభం తమకే వస్తుందనుకున్నారు చూడండి, అక్కడ దెబ్బతిన్నారు.

"అందుకే కదా అన్నా ఈటీఎఫ్, ఒక్కటి పోతే ఇంకోటి ఉంటుంది" అన్నాడు మావాడు. నేనూ అప్పుడు అదే అనుకున్నాను. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం ముందు ఒప్పుకుంటాను. 2021లో నేను ఫండ్ బదులు సన్‌పవర్ షేర్లు కొని ఉంటే ముప్పై అయిదు కాదు, సున్నా మిగిలేది. హైడ్రోజన్ కంపెనీ ప్లగ్ పవర్ కొని ఉంటే వందకి మూడో నాలుగో. ఫండ్ నన్ను గుండెపోటు నుంచి కాపాడింది, జ్వరం నుంచి కాపాడలేదు.

అన్నీ ఒకే తానులో ముక్కలు

2023లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫండ్ కొన్న రెండున్నరేళ్లకి, మొట్టమొదటిసారి దాని హోల్డింగ్స్ ఫైల్, అంటే అందులో ఏయే కంపెనీల షేర్లున్నాయో చెప్పే జాబితా, డౌన్‌లోడ్ చేశాను. కొనే ముందు చేయాల్సిన పని అది, ఏం చేస్తాం. పొడుగాటి ఎక్సెల్ షీటు. ఒక్కో పేరూ వెతుక్కుంటూ పక్క కాలమ్‌లో "వీళ్లు చేసేదేంటి" అని రాస్తూ పోయాను. ఎన్‌ఫేజ్, ఇన్వర్టర్లు. ఫస్ట్ సోలార్, ప్యానెళ్లు. వెస్టాస్, గాలిమరలు. ఓర్స్టెడ్, సముద్రంలో గాలిమరల పార్కులు. ఐబర్‌డ్రోలా, కరెంటు సరఫరా. ఇదంతా చూస్తే బాగానే ఉంది, దేశాలు వేరు, పనులు వేరు. తర్వాత ఇంకో కాలమ్ తెరిచి "వీళ్లని ముంచేది ఏది" అని రాయడం మొదలుపెట్టాను. పది పేర్లు దాటేసరికి ఆ కాలమ్‌లో పైది కాపీ చేసి కింద పేస్ట్ చేయడమే అయింది. వడ్డీ రేట్లు, ప్రభుత్వ విధానం, ధరల పోటీ. వడ్డీ రేట్లు, ప్రభుత్వ విధానం, ధరల పోటీ.

వడ్డీ సంగతి నాకు అంతకుముందు తట్టనే లేదు. గ్యాస్‌తో కరెంటు తీస్తే ఖర్చు ఏళ్ల తరబడి ఇంధనం మీద కొంచెం కొంచెంగా పడుతుంది. సోలార్‌కీ గాలికీ ఇంధనం ఉచితం, కానీ మొత్తం ఖర్చు మొదటి రోజే పెట్టాలి, అంటే అప్పు తేవాలి. కాబట్టి ఎండ ఉచితమే గానీ అసలు ముడిసరుకు ఎండ కాదు, అప్పు. 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేటు 2023 జులైకి 5.25-5.50 శాతానికి చేరింది. పాత వడ్డీ లెక్కలతో కరెంటు ధర ఒప్పుకుని సంతకాలు పెట్టిన ప్రాజెక్టులు చాలావరకు నష్టాల్లో పడ్డాయి. 2023 నవంబరు 1న ఓర్స్టెడ్ అమెరికా తీరంలో రెండు పెద్ద ప్రాజెక్టులు వదిలేస్తున్నట్టు చెప్పింది, ఆ ఒక్క రోజే షేరు నాలుగో వంతు పడింది.

విధానం సంగతి ఇంకా చిత్రం. కాలిఫోర్నియాలో ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకున్నవాళ్లు మిగులు కరెంటు గ్రిడ్‌కి ఇస్తే వచ్చే మొత్తాన్ని 2023 ఏప్రిల్ నుంచి కొత్తవాళ్లకి దాదాపు డెబ్బై అయిదు శాతం తగ్గించారు. ఒక రాష్ట్రం, ఒక రూలు. దాంతో ఇన్వర్టర్లు చేసేవాడి దగ్గర్నుంచి ఇంటి కప్పులకి అప్పులిచ్చేవాడి దాకా అందరికీ దెబ్బే. 2017లో డాలరు కంటే తక్కువ ధరకి దొరికిన ఎన్‌ఫేజ్ షేరు 2022 డిసెంబరుకి 300 డాలర్లు దాటింది, తర్వాత రెండున్నరేళ్లలో అందులో అయిదో వంతు కూడా లేకుండా పోయింది. నా మూడో కారణం గుర్తుంది కదా, ప్రభుత్వాలు నెడుతున్నాయని. నెట్టే చెయ్యి వెనక్కి లాగే చెయ్యి కూడా అవుతుందని రాసుకోలేదు. 2022లో అమెరికా ఇచ్చిన పన్ను రాయితీల్లో చాలావాటికి 2025 జులైలో కోత పెట్టారు.

ఈలోగా ఒక పోలిక, కొంచెం కారం రాసినట్టుంటుంది. 2022లో ఐసీఎల్‌ఎన్ స్వల్పంగా నష్టపోతే, అమెరికా చమురు కంపెనీల ఈటీఎఫ్ ఎక్స్‌ఎల్‌ఈ అరవై శాతం పైన పెరిగింది. అందరూ వద్దనుకుని వదిలేసిన చోట లాభం, అందరూ ఎగబడిన చోట నష్టం. చమురు మంచిదని కాదు నేననేది. ఆ ఏడాది మొదట్లో దాని ధరలో అంత ఆశ లేదు, అంతే.

ఫండ్ లోపలి గొలుసు

ఈటీఎఫ్ అంటే గంపగుత్తగా కొనడం. అయితే ఆ గంపలో ఏముండాలో ఎవరో రాసిన సూచీ చెబుతుంది. సూచీకి బుర్ర ఉండదు, రూలు ఉంటుంది. దీని మీద రెండు సంఘటనలు నన్ను బాగా కుదిపాయి.

మొదటిది నేను కొన్న నెలలోనే జరిగింది, నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో ఐసీఎల్‌ఎన్ అనుసరించే ఎస్ అండ్ పీ సూచీలో ఉన్నవి ముప్పై కంపెనీలే. 2020లో ఆ ఫండ్ దాదాపు 140 శాతం పెరిగేసరికి జనం డబ్బు వరదలా వచ్చిపడింది. ఏడాది కిందట వంద కోట్ల డాలర్లు కూడా లేని ఫండ్ 600 కోట్లకు చేరింది. ఆ ముప్పైలో న్యూజిలాండ్‌లో ఎక్కువగా నదుల మీది డ్యాముల్లాంటివాటితో కరెంటు తీసి అమ్ముకునే మెరిడియన్, కాంటాక్ట్ అనే రెండు కంపెనీలు ఉన్నాయి. నింపాదిగా డివిడెండ్లు ఇచ్చుకుంటూ బతికే కంపెనీలు అవి. ఫండ్ కొనక తప్పదు కాబట్టి కొంది, ఆ చిన్న మార్కెట్లో వాటి ధరలు ఎగిరాయి. డ్యాముల్లో ఒక్క చుక్క నీళ్లు పెరగలేదు. చివరికి ఏప్రిల్‌లో సూచీని ముప్పై నుంచి సుమారు ఎనభై కంపెనీలకు పెంచాల్సి వచ్చింది. ఆ ధరలు ఎగరేసిన వరదలో నా చెంబుడు నీళ్లు కూడా ఉన్నాయి.

రెండోది నాకంటే ముందుది. 2015లో టాన్ అనే సోలార్ ఈటీఎఫ్‌లో హనర్జీ థిన్ ఫిల్మ్ అనే హాంకాంగ్ షేరు పెద్ద వాటాల్లో ఒకటి. ఆ షేరు అంతుచిక్కకుండా పెరిగింది, పెరిగేకొద్దీ రూలు ప్రకారం ఫండ్‌లో దాని వాటా పెరిగింది. మే 20న అరగంట తిరక్కుండా 47 శాతం పడింది, ట్రేడింగ్ ఆపేశారు. ఫండ్ దాన్ని అమ్ముదామన్నా కొనేవాడు లేడు, కొనే చోటే లేదు. ఇలాంటివాటిని ఏరి పారేసే మేనేజరు ఎవరో లోపల కూర్చున్నాడని మనం అనుకుంటాం. ఎవరూ కూర్చోలేదు.

తాజాగా ఇంకో తమాషా. మావాడు ముచ్చటపడిన 2025 పెరుగుదలలో ఐసీఎల్‌ఎన్‌ని బాగా పైకి లాగినవాటిలో బ్లూమ్ ఎనర్జీ ఒకటి. డేటా సెంటర్లకి కరెంటు కావాలి, గ్రిడ్ కనెక్షన్ దొరకడానికి ఏళ్లు పడుతోంది, బ్లూమ్ ఫ్యూయల్ సెల్స్ అక్కడికక్కడే కరెంటు తీస్తాయి కాబట్టి గిరాకీ పెరిగింది. బాగుంది. కానీ ఆ ఫ్యూయల్ సెల్స్ ఎక్కువగా నడిచేది సహజవాయువు మీద. సోలార్ మీద నమ్మకంతో కొన్నవాడికి గ్యాస్‌తో నడిచే పెట్టె లాభం తెచ్చిపెట్టింది. లాభం వస్తే ఎవరూ హోల్డింగ్స్ ఫైల్ తెరవరు, అది వేరే సంగతి.

మంచి పనికి డబ్బు పెట్టామా?

నా స్నేహితురాలు ఒకామె ఉంది, ఆమెకి లాభనష్టాల గొడవ లేదు. "నా డబ్బు బొగ్గుకి కాకుండా ఎండకి పోతే చాలు, కొంచెం పోయినా పర్లేదు" అంటుంది. ఈ మాటకి నా దగ్గర చాలాకాలం జవాబు లేదు, ఎందుకంటే నాక్కూడా లోపల ఎక్కడో అదే ఉంది.

కానీ డబ్బు దారి పట్టుకుని వెళ్లి చూస్తే, మనం ఎక్స్చేంజిలో యూనిట్ కొన్నప్పుడు ఆ డబ్బు అమ్మినవాడి జేబులోకి పోతుంది. ఫండ్‌లోకి కొత్త డబ్బు వచ్చినా, దాంతో కొనేది అంతకుముందే ఎవరి దగ్గరో ఉన్న షేర్లని. ఒక్క ప్యానెల్ కూడా దాంతో అదనంగా బిగించరు. అందరూ కొంటే షేరు ధర పెరుగుతుంది, ధర పెరిగితే కంపెనీ కొత్త షేర్లు అమ్మి చవగ్గా డబ్బు తెచ్చుకోగలదు అన్నది నిజమే, 2021 మొదట్లో ప్లగ్ పవర్ అలాగే వందల కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ డబ్బు ఇచ్చినవాళ్ల పెట్టుబడి తర్వాత తొంభై అయిదు శాతానికి పైగా ఆవిరైంది. దానధర్మం అనుకుంటే దానం ఎవరికి చేరిందో కూడా తెలియని దానం అది. ఈ మాట ఆమెకి చెబితే "నీకు కాలింది కాబట్టి అలా అంటున్నావ్" అంది. అందులోనూ కొంత నిజం ఉంది, కాదనను.

మరి అసలు కొనకూడదా?

ఇక్కడ నా మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు. 2024లో ప్రపంచం స్వచ్ఛ ఇంధనం మీద పెట్టింది దాదాపు 2 లక్షల కోట్ల డాలర్లని అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ అంచనా, బొగ్గు, చమురు, గ్యాస్ అన్నీ కలిపినా దాంట్లో దాదాపు సగమే. ఇంత డబ్బు తిరుగుతున్న చోట ఎవరికీ లాభం రాదనడం మూర్ఖత్వం. ప్యానెల్ తయారీదారుకి రాకపోవచ్చు. చవకైన ప్యానెళ్లు కొని కరెంటు అమ్మేవాడికి రావచ్చు, గ్రిడ్ వైర్లు లాగేవాడికి రావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాడికి రావచ్చు. వీళ్లలో కొందరు "క్లీన్ ఎనర్జీ" అన్న లేబుల్ ఉన్న ఫండ్‌లో అసలు ఉండరు.

ఓపిక పడితే వస్తుంది అనేవాళ్లకి ఒక్క విషయం. ఐసీఎల్‌ఎన్ మొదలైంది 2008 జూన్‌లో. పదిహేడేళ్లు గడిచి, 2025లో అంత పెరిగాక కూడా మొదటి నాటి ధరని చేరలేదు. నేను అండర్‌లైన్ చేసుకున్న పదేళ్లు దాని ముందు చాలా చిన్నది.

అలాగని నేనేదో తెలివిగా బయటపడ్డానని అనుకోకండి. 2024 డిసెంబరులో విసుగొచ్చి సగం యూనిట్లు అమ్మేశాను. కొన్ని నెలలకే ఫండ్ లేచింది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది నాకోసమే పుట్టిన సామెత. మిగిలిన సగం ఇంకా ఉంది. దాన్ని ఇప్పుడు నేను నమ్మకంతో ఉంచుకున్నానో, అమ్మి మళ్లీ వెధవనవుతానేమోనన్న భయంతో ఉంచుకున్నానో నిజాయితీగా చెప్పలేను.

ఒకటి మాత్రం మారింది. ఇలాంటి ఫండ్ విషయంలో "ఇది భవిష్యత్తేనా" అన్న ప్రశ్న నన్నిప్పుడు కదిలించడం లేదు. అవును, భవిష్యత్తే, నాకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు, ధర వేసినవాడికి మనిద్దరికంటే ముందే తెలుసు. 2021 జనవరిలో ఆ మూడు కారణాలూ తెలియనివాడు మార్కెట్లో ఒక్కడు కూడా లేడు, అందుకే ధర అలా ఉంది. నా నోట్‌బుక్‌లో లేనిది నాలుగో లైను. ఇప్పుడు అడుగుతున్న ధరకి ఎందుకు? మిగతావాళ్లు ఏది తప్పుగా చూస్తున్నారని నేననుకుంటున్నాను? అప్పుడు ఈ లైను రాయాల్సి వచ్చి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు, బహుశా కొనేవాణ్ణీ కాదు.

ఆ పాత పేజీ ఫొటో తీసి మావాడికి పంపాను. నీ కారణాలు కూడా రాసి పంపు, తర్వాత మాట్లాడదాం అన్నాను. పదిహేను నిమిషాల్లో పంపాడు. మొదటి రెండూ దాదాపు నావే, కొత్త రంగు వేసుకుని: డేటా సెంటర్లకి కరెంటు కావాలి, బ్యాటరీలు చవకవుతున్నాయి. మూడోది, "గత ఏడాది బాగా పెరిగింది."

రెండోది ఇంకోసారి చదువుకోమన్నాను, ఎవరికి చవక అని అడిగాను. మూడోది కొట్టేసి దాని కింద ధర గురించి ఒక్క లైను రాయమన్నాను. "ఓకే అన్నా" అన్నాడు. కాసేపు "టైపింగ్" అని కనిపించింది, ఆగింది, మళ్లీ కనిపించింది. ఆ లైను ఇంకా రాలేదు. కొనేశాడేమో కూడా తెలియదు.